లద్దాఖ్ చలిలో కమిలిన మొహం

మాది పల్నాడు, రెంటచింతలకి దగ్గర ఊరు. మే నెల వచ్చిందంటే టీవీలో చెప్పే ఉష్ణోగ్రతల్లో మా వైపు పేరు పైనే ఉంటుంది. అది మాకు బాధ, కొంచెం గొప్ప కూడా. 45 డిగ్రీలు దాటిన రోజున కూడా మాకు పెళ్లిళ్లు ఆగవు, ప్రయాణాలు ఆగవు. నేను ఆ ఎండలో పుట్టి పెరిగినదాన్ని. నల్లబడ్డాను, చెమటకాయలు పోశాయి, చిన్నప్పుడు వడదెబ్బ తగిలి సెలైన్ కూడా ఎక్కించుకున్నాను. ఎండకి చర్మం పొరలు పొరలుగా లేచిపోవడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ లేదు.

నాకు అది జరిగింది పది డిగ్రీలు కూడా లేని చోట, ఒంటి మీద రెండు స్వెటర్లు ఉండగా.

నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవులిచ్చాక మేమూ, మా ఆడపడుచు వాళ్లూ కలిసి లద్దాఖ్ వెళ్లాం. లేహ్ పట్నమే సముద్ర మట్టానికి 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి నుబ్రా లోయకి వెళ్లాలంటే ఖర్దుంగ్ లా కనుమ దాటాలి, అది 5,300 మీటర్ల పైమాటే. మే నెలాఖరులో కూడా రోడ్డుకి రెండు పక్కలా మంచు గోడలు. మంచు చూడని వాళ్లం కదా, పిల్లలతో పాటు మేమూ దిగి ఆడాం. పైన ముందు బండ్లు ఇరుక్కుపోయి చాలాసేపు కదల్లేదు కూడా. ఆకాశం అంత నీలంగా ఉంటుందని ఫొటోల్లో చూస్తే నమ్మబుద్ధి కాదు.

ఆ నీలంలోనే ఉంది సంగతంతా. సముద్ర మట్టం నుంచి పైకి వెళ్లే కొద్దీ, ప్రతి 1,000 మీటర్లకూ అతినీలలోహిత (యూవీ) కిరణాలు దాదాపు 10 శాతం పెరుగుతాయి. వాటిని వడకట్టే గాలి పైన పల్చగా ఉంటుంది. దానికి తోడు మంచు. కొత్తగా పడ్డ మంచు ఈ కిరణాల్ని 80 శాతం దాకా తిరగ్గొడుతుంది. బీచ్‌లో పొడి ఇసుక తిరగ్గొట్టేది 15 శాతమే. అంటే పై నుంచి ఒక ఎండ, కింది నుంచి దాదాపు ఇంకో ఎండ. నేను టోపీ పెట్టుకున్నాను, పొద్దున హోటల్లో బయల్దేరే ముందు సన్‌స్క్రీన్ రాసుకున్నాను. టోపీ కింది నుంచి వచ్చేదాన్ని ఆపదు. పొద్దున రాసిన సన్‌స్క్రీన్ మధ్యాహ్నం దాకా నిలవదు, రెండు గంటలకోసారి మళ్లీ రాయాల్సిందే. గ్లవ్స్ తీస్తే వేళ్లు కొంకర్లు పోయే చలిలో ఆ పని ఎవరు చేస్తారో నాకు తెలియదు.

మా ఊళ్లో పదకొండు దాటితే ఎండే మనల్ని ఇంట్లోకి తరుముతుంది. బయటికి పోక తప్పకపోతే తల మీద తువ్వాలో, కొంగో, గొడుగో ఉంటుంది. ఒళ్లు వేడిని పసిగడుతుంది కాబట్టి ఆ జాగ్రత్తలన్నీ వాటంతట అవే వస్తాయి. చర్మాన్ని కాల్చే కిరణాలకి వేడి లేదు. చల్లగాలి తగులుతుంటే ఇంకాసేపు ఎండలో నిలబడదాం అనిపిస్తుంది. అక్కడ నేను ఎండ కోసం వెతుక్కుని మరీ నిలబడ్డాను.

సాయంత్రం నుబ్రా లోయలోని హుండర్ ఊరు చేరేసరికి మొహం బిగుసుకుపోయింది. చలిగాలికేమో అనుకున్నాం. మా వారు చూసి, "కాస్త ఎర్రగా ఉన్నావు, ఆపిల్ పండులా," అని నవ్వారు కూడా. మనలాంటి చామనఛాయ వాళ్లకి ఇది కనిపెట్టడం కష్టం. తెల్లవాళ్లకి వచ్చినట్టు ఎర్రగా కొట్టొచ్చినట్టు కనపడదు. రాగి రంగు తిరుగుతుంది, లేదా ఇంకాస్త నల్లగా కనిపిస్తుంది. చేత్తో తాకితే తెలుస్తుంది: సెగ వస్తుంటుంది, నవ్వితే బుగ్గ లాగుతుంది, నీళ్లు తగిలితే చుర్రుమంటుంది. ఎండ తగిలిన మూడు నుంచి ఐదు గంటల్లో మొదలై, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య మంట తారస్థాయికి వెళ్తుంది. అందుకే ఆ రాత్రి పడుకోబోయే వేళకి అసలు బాధ మొదలైంది.

ముక్కు, బుగ్గల పైభాగం, నుదురు సరే, అవి అనుకున్నవే. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచులు, కనుబొమల కింద కూడా మండుతుంటే మొదట అర్థం కాలేదు. అదంతా మంచు కింది నుంచి కొట్టిన దెబ్బ. కళ్లకి పవర్ ఉన్న నల్ల అద్దాలు ఉండబట్టి కళ్లు బాగానే ఉన్నాయి. అవి లేకపోతే మంచు ప్రతిఫలనానికి కంటిపాప పైపొర కూడా చర్మంలాగే కమిలిపోతుందట, కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుందట.

మేం దిగిన ఇల్లు ఒక లద్దాఖీ కుటుంబానిది. ఆ ఇంటి ఆవిడ నన్ను చూడగానే హిందీలో, "బర్ఫ్ మే ఖేలా?" (మంచులో ఆడావా?) అని అడిగింది. వాళ్లకి ఇది మనకి చెమటకాయలంత మామూలు విషయం. కుళాయి నీళ్లు మంచులా ఉన్నాయి, అవి నేరుగా కొట్టుకోవద్దంది. కాలిన చర్మం మీద ఐసు గానీ అంత చల్లటి నీళ్లు గానీ పెడితే చర్మం ఇంకా దెబ్బతింటుంది. వేడి నీళ్లు కొన్ని కలిపి, చల్లగా అనిపించేంత చేసి ఇచ్చింది. నా నూలు చున్నీ అందులో ముంచి, పిండి, మొహం మీద పరుచుకోవడం, వేడెక్కితే మళ్లీ ముంచడం. ఆ రాత్రి చేసిన వైద్యం అంతే. దగ్గర ఐబుప్రొఫెన్ ఉంటే ఏదో తిన్నాక ఒకటి వేసుకున్నాను. అది నొప్పితో పాటు వాపుని కూడా తగ్గిస్తుంది కాబట్టి పారాసిటమాల్ కంటే నయం, కడుపులో పుండు, కిడ్నీ ఇబ్బంది లేని వాళ్లకైతే. తర్వాత నీళ్లు, ఇంకా నీళ్లు. అక్కడి గాలి పొడిగా ఉంటుంది, ఎత్తు పడదేమోనని ముందుగా వేసుకున్న మాత్రేమో ఒంట్లో నీటిని బయటికి పంపిస్తుంది. కాలిన చర్మం కూడా నీటిని లాక్కుంటుంది. మొత్తం మీద దాహం తీరదు.

ఆడపడుచు తన బ్యాగులోంచి నెయ్యి పొట్లం తీసింది. ఆ ఇంటావిడ వద్దంది. నెయ్యి, వెన్న, నూనె, వాజెలీన్ ఏదైనా సరే, సెగ ఉన్నంతసేపు పైన పూస్తే ఆ వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. వాళ్లింట్లో చిన్న సీసాలో చూలీ నూనె ఉంది. చూలీ అంటే అక్కడి ఆప్రికాట్. ఆ పప్పు నుంచి తీసిన నూనెని మొహానికి, పెదాలకి, పిల్లల బుగ్గలకి వాళ్లు ఏడాది పొడుగునా రాస్తారు. లద్దాఖ్‌లో పండే రక్త్‌సే కర్పో అనే రకం ఆప్రికాట్‌కి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "పొట్టు రాలడం మొదలయ్యాక ఇది రాసుకో, ఇప్పుడు కాదు," అని చెప్పి ఆ సీసా నా చేతిలో పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

మిగతా ట్రిప్పంతా మొహానికి చున్నీ చుట్టుకుని, ఒక్క కళ్లద్దాలు మాత్రం బయట పెట్టి తిరిగాను. పాంగాంగ్ సరస్సు దగ్గర మా ఫొటోల్లో నేను ఎవరో చెప్తే తప్ప తెలియదు.

మేం ఉండే నరసరావుపేట తిరిగి వచ్చాక అసలు కథ. మంట తగ్గింది, సెగ పోయింది, హమ్మయ్య అనుకునే వేళకి దురద మొదలైంది. ఒక పొద్దున అద్దంలో చూస్తే ముక్కు చివర తెల్లగా ఏదో అంటుకున్నట్టుంది. రుద్దితే రాలింది. మర్నాటికి ముక్కంతా పొరలు, నుదుటి మీద సన్నటి పొట్టు, గడ్డం కింద బీటలు. నల్ల జాకెట్టు వేసుకుంటే భుజాల మీద చుండ్రు రాలినట్టు రాలేది. నవ్వినా, ఆవలించినా పెదాల మూలలు పగిలేవి.

ఇక సలహాలు. మా పిన్ని గుమ్మంలోనే, "ఏందమ్మాయ్, ఇట్టయ్యావ్! నిమ్మకాయ పిండి శనగపిండి కలిపి రుద్దు, మూడు రోజుల్లో రంగు తేలతావు," అంది. అత్తయ్య గారు వడదెబ్బే అనుకుని రోజూ రెండు చెంబుల మజ్జిగ తాగించారు. ఆ మజ్జిగ నాకు నిజంగానే పనికొచ్చింది. పక్కింటావిడ టూత్‌పేస్ట్ అంది. పార్లర్ అమ్మాయి ఫోన్‌లోనే డీ-ట్యాన్ ప్యాకేజీ రేటు చెప్పేసింది, ముందు స్క్రబ్ చేసి "డెడ్ స్కిన్ అంతా తీసేస్తాం మేడం" అని. మెడికల్ షాపులో అబ్బాయి మొహం వంక ఒక్కసారి చూసి చిన్న ట్యూబ్ ఒకటి కౌంటర్ మీద పెట్టాడు. ధర కూడా చవకే. వెనక చూస్తే ఫంగస్ మందు, యాంటీబయాటిక్, గట్టి స్టెరాయిడ్, మూడూ కలిపినది. నాకు ఫంగస్ లేదు, చీము లేదు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా మన వీధుల్లో అడక్కుండానే చేతిలో పెడతారు. రెండు రోజుల్లో మొహం నిగనిగలాడుతుంది, అందుకే జనం మళ్లీ మళ్లీ కొంటారు. నెలలు వాడితే చర్మం పల్చబడి, రక్తనాళాలు బయటికి కనిపించి, ఆపగానే మొహం మండిపోతుంది. ట్యూబ్ వెనక్కిచ్చి, గుంటూరులో చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆవిడ మొహం చూడకముందే అడిగింది, "ఏమేం మాత్రలు వాడుతున్నావమ్మా?" అని.

నాకు ఈ వయసులో మొటిమలు ఎక్కువై, కొన్నాళ్లుగా వేరే చోట రాసిచ్చిన డాక్సీసైక్లిన్ వేసుకుంటున్నాను. రాత్రిళ్లు అడాపలీన్ జెల్ కూడా రాస్తున్నాను. ఎండలోకి వెళ్లొద్దని రాసిచ్చిన వాళ్లు చెప్పలేదు, మందుల షాపులోనూ చెప్పలేదు. ఆ పేరు వినగానే ఆవిడ పెన్ను కింద పెట్టింది. డాక్సీసైక్లిన్ వాడే వాళ్ల చర్మం యూవీకి మామూలు కంటే చాలా తొందరగా కాలుతుంది. మందు కణాల్లో ఉండి ఆ కిరణాల్ని పీల్చుకుని, ఆ శక్తితో చుట్టుపక్కల కణాల్ని దెబ్బతీస్తుంది. అదే మంచులో, అదే ఎండలో, నాతో పాటే నిలబడ్డ ఆడపడుచుకి బుగ్గలు కాస్త నల్లబడి ఊరుకున్నాయి, నాకు మాత్రం మొహం ఊడింది ఎందుకో అప్పుడు తెలిసింది. మాత్రలు ఆపేయమంది. మానేశాక కొద్ది రోజుల్లో ఆ గుణం పోతుందట. జెల్ కూడా చర్మం పూర్తిగా మానేదాకా పక్కన పెట్టమంది.

ఇలాంటి మందులు చాలానే ఉన్నాయి. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా వాటిలో ఒకటి. ఇంటికి వచ్చి చూస్తే మామయ్య గారి బీపీ మాత్ర అట్ట మీద ఆ పేరు ఉంది, ఆయన రోజూ పొలానికి వెళ్తారు. సొంతంగా ఆపకుండా, ఆయన డాక్టర్ని అడిగి మార్పించాం. నాకు నచ్చినది ఏమిటంటే, ఆవిడ అడిగిన ఆ ఒక్క ప్రశ్న వల్ల ఇంట్లో ఇద్దరి సంగతి తేలింది.

పొరలు ఎందుకు లేస్తున్నాయో కూడా ఆవిడే చెప్పింది. ఎండకి పైపొర కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతింటుంది. కొన్నిటిని ఒళ్లు బాగుచేసుకుంటుంది. బాగుచేయలేనంతగా చెడిపోయినవి వాటంతట అవే చచ్చిపోతాయి. చావకుండా మిగిలి పెరగడమే ప్రమాదం, క్యాన్సర్‌కి దారి అదే. ఒకేసారి అన్ని కణాలు పోయేసరికి ఆ పొర మొత్తం లేచి రాలుతుంది. "అది రాలుతుందంటే లోపల పని జరుగుతోందని. నువ్వు సాయం చేయకు," అంది నవ్వుతూ.

ఈ మాట పాటించడం ఎంత కష్టమో పొట్టు రాలిన వాళ్లకే తెలుస్తుంది. చెయ్యి ఊరికే ముక్కు మీదికి పోతుంది. పేపర్లు దిద్దుతున్నా, టీవీ చూస్తున్నా ఒక అంచు దొరుకుతుంది, లాగాలనిపిస్తుంది. లాగితే అది వదులుగా ఉన్నంత మేరతో ఆగదు, పక్కన అతుక్కుని ఉన్న మంచి చర్మాన్ని కూడా పట్టుకుని వస్తుంది. కింద ఉన్నది ఇంకా పండని చర్మం. అక్కడ రక్తం చిమ్ముతుంది, మన రంగు వాళ్లకి అక్కడే నల్ల మచ్చ పడుతుంది. మా వారికి చెవుల పైఅంచు ఒక్కటే కాలింది, టోపీ కిందికి రాని చోట. ఆయన కారు నడుపుతూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా దాన్ని గిల్లుతూ కూర్చున్నారు. నా మొహమంతా మానింది, ఆయన చెవి మీద మచ్చ మాత్రం ఉంది.

మరీ వేలాడే ముక్కల్ని నేను చిన్న కత్తెరని స్పిరిట్‌తో తుడిచి, వదులుగా ఉన్నంత మేరే కత్తిరించేదాన్ని. అంతకు మించి చెయ్యి పెట్టలేదు.

మిగతాదంతా తడి నిలపడమే. ఆ పొర పోయాక చర్మంలో నీరు నిలవదు, గాలికే ఆరిపోతుంది. వేడి నీళ్ల స్నానం మానేశాను, గోరువెచ్చనివి కూడా మొహానికి తగలనివ్వలేదు. సబ్బు, సున్నిపిండి, పీచు, అన్నీ బంద్. నురగ రాని క్లెన్సర్ రాత్రి ఒక్కసారి, పొద్దున ఉత్త నీళ్లు. తుడుచుకోవడానికి పాత పంచె చింపి మెత్తటి గుడ్డలు చేసుకున్నాను, రుద్దకుండా అద్దుకోవడం. మొహం ఇంకా తడిగా ఉండగానే, ఆరిపోకముందే, క్రీము. ఇందులో కిటుకంతా ఈ తడిలోనే ఉంది. ఆరిన చర్మం మీద ఎంత ఖరీదైన క్రీము రాసినా పైపైనే ఉంటుంది, తడి మీద రాస్తే ఆ తడిని లోపల బంధిస్తుంది. డాక్టరు రాసింది సెరమైడ్లు (చర్మంలో మామూలుగా ఉండే ఒక రకం కొవ్వులు), గ్లిజరిన్ ఉన్న వాసన లేని క్రీము. రోజుకి నాలుగైదు సార్లు రాసేదాన్ని, స్టాఫ్ రూములో కూడా. ముక్కు మీద, పెదాల మీద మాత్రం రాత్రి పడుకునే ముందు తెల్ల పెట్రోలియం జెల్లీ పల్చగా. సెగ పోయింది కాబట్టి ఇప్పుడు అది మంచిదే. చూలీ నూనె కూడా అప్పుడే బయటికి తీశాను. గడ్డం కింద బీటలకి హాయిగా ఉండేది. మన కొబ్బరి నూనె అయినా ఈ దశలో పనిచేస్తుంది.

క్యాలమైన్ లోషన్ మొదటి రోజుల్లో చల్లగా ఉంటుంది గానీ ఆరాక చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది, పొట్టు లేచే వేళకి ఆపేయాలి. పెరట్లో కలబంద ఉంది కదా అని మట్టలు కోసుకున్నాను. కోసిన చోట పసుపుపచ్చగా కారే రసం చర్మానికి పడదు, మంట పుట్టిస్తుంది. మట్టని నిలబెట్టి ఆ రసం కారిపోనిచ్చి, కడిగి, లోపలి జెల్ మాత్రం తీసుకోవాలి. ఒకసారి చెవి వెనక రాసి చూసి, ఏమీ కాకపోతేనే మొహానికి. పెరుగు చల్లగానే ఉంటుంది గానీ అందులో ఉండేది ఆమ్లం, పచ్చి చర్మం మీద చిరచిరలాడుతుంది.

పిన్ని చెప్పిన నిమ్మకాయ గురించి అడిగితే డాక్టరు గట్టిగా తల అడ్డంగా ఊపింది. నిమ్మ రసంలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అవే కాలుస్తాయి. బొబ్బలు లేచి, తర్వాత నెలల తరబడి నల్లటి చారలు ఉండిపోతాయి. నిమ్మకాయ పిండి, కడుక్కోకుండా ఎండలోకి పోయిన వాళ్ల చేతుల మీద వేళ్ల ఆకారంలో మచ్చలు పడటం ఆవిడ చూసిందట. పిన్నికి ఈ సంగతి చెప్తే, "మేం ఎన్నేళ్ల నుంచి రుద్దుకోలా?" అంది. ఆవిడ రుద్దుకునేది సాయంత్రం, స్నానానికి ముందు. అందుకే బతికిపోయింది.

డాక్టర్లు రాయని ఇబ్బందులు రెండు. ఒకటి కళ్లజోడు. ముక్కు మీద దాని బుడిపెలు సరిగ్గా పచ్చి చర్మం మీదే కూర్చుంటాయి. జెల్లీ రాస్తే జారిపోతుంది, రాయకపోతే ఒరుసుకుంటుంది. చివరికి ఆ రెండు బుడిపెలకి మెడికల్ షాపులో దొరికే కాగితం టేపుతో మెత్తటి గాజుగుడ్డ ముక్కలు చుట్టి, రోజూ మార్చేదాన్ని.

రెండోది బొట్టు. లద్దాఖ్‌లో పెట్టుకున్న స్టిక్కరు తీసి చూస్తే నుదుటి మధ్య గుండ్రంగా నా అసలు రంగు కనిపించింది, చుట్టూ అంతా రాగి. పొట్టు మొదలయ్యాక స్టిక్కరు పెడితే తీసేటప్పుడు దాని జిగురుకి చర్మం కూడా ఊడి వచ్చేది. బొట్టు లేకుండా తిరిగితే అత్తయ్య గారికి మనసొప్పదు. కుంకుమ మండింది. కాటుక పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని సర్దుకున్నాం, ఆవిడే పెట్టేవారు.

రాత్రి దురదకి ఒక మాత్ర ఇచ్చారు. దిండు గలీబు గరుగ్గా ఉంటే నిద్రలో మొహం గీసుకుంటుంది, మెత్తటి పాత చీర ముక్క పరుచుకున్నాను. ముక్కు పక్కన ఒక చిన్న నీటి బొబ్బ ఉంటే దాన్ని చిదమొద్దన్నారు, దానంతట అదే ఇంకింది. ఇవన్నీ ఇంట్లో చూసుకునేవే. చాలా మేర బొబ్బలు వచ్చినా, చలి జ్వరం, వాంతులు, తల తిరగడం ఉన్నా, కాలిన చోట చీము పట్టినా, కంట్లో నొప్పి వచ్చినా, చంటిపిల్లలకి అయితే కొద్దిగా కాలినా ఆసుపత్రికే.

పొట్టు రాలడం ఒక వారంలో చాలావరకు ఆగింది. పైపొర మొత్తం కొత్తగా తయారవడానికి నాలుగు వారాల పైనే పడుతుంది కాబట్టి అప్పటిదాకా ఆ చర్మాన్ని పసిపిల్ల చర్మంలా చూడమన్నారు. ఈలోగా కాలేజీ తెరిచారు. జూన్‌లో నరసరావుపేట ఎండ మీకు తెలుసు. కొత్త చర్మం మీద మామూలు సన్‌స్క్రీన్ రాస్తే కళ్లల్లో నీళ్లొచ్చేంత మండింది. జింక్ ఆక్సైడ్ ఉన్నది రాసుకుంటే మంట లేదు, కాకపోతే తెల్లగా పిండి పూసినట్టు కనిపిస్తుంది. సెకండియర్ పిల్లలు వెనక బెంచీల్లో ఏం పేరు పెట్టారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. బస్టాపు దాకా గొడుగు, చున్నీ, ఫుల్ చేతుల జాకెట్టు. సన్‌స్క్రీన్ ట్యూబ్ మీద ఎస్పీఎఫ్ 30 అని ఉంటే కాల్చే కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం ఎక్కువ డబ్బు పెట్టడం కంటే, సరిపడా రాయడం ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు, ఆ రెండిటి పొడుగునా క్రీము పిండితే మొహానికి, మెడకి సరి. మనలో చాలామంది బఠాణీ గింజంత తీసుకుంటారు, అప్పుడు ట్యూబ్ మీద ఉన్న అంకెకి అర్థం లేదు.

తర్వాత మిగిలింది నలుపు. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ ఉండటం వల్ల కాలడం ఆలస్యం, కానీ ఒకసారి వాచి కమిలిందంటే ఆ రంగు వదలడం కూడా ఆలస్యమే. వారాలు కాదు, నెలలు. పొట్టు రాలినన్నాళ్లూ "పాపం" అన్న వాళ్లంతా, అది ఆగగానే "ఎప్పటి రంగు వస్తావో" అనడం మొదలుపెట్టారు. ఊడే చర్మం నొప్పి పెట్టింది గానీ నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నల్లబడ్డ మొహం అసలు నొప్పే లేదు, దాని గురించి పెళ్లిళ్లలో, బస్సుల్లో, కాలేజీ కారిడార్లో అందరికీ సలహా ఉంది. మాకు బంధువైన ఒకావిడైతే తను వాడే తెల్ల క్రీము సగం ట్యూబ్ నా పర్సులో పెట్టేసింది. చూస్తే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్. మంగు మచ్చలకి డాక్టరు కొన్ని వారాలకి మాత్రం రాసే మందు, ఆవిడ ఏళ్ల తరబడి ఫెయిర్‌నెస్ క్రీములా పూస్తోంది. బుగ్గల మీద ఎర్రటి సన్నటి నరాలు అప్పటికే కనిపిస్తున్నాయి. ఆవిడని నాతో పాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అలిగింది కానీ వచ్చింది.

నాకు చర్మం గట్టిపడ్డాక అజెలాయిక్ ఆసిడ్ క్రీము ఇచ్చారు. అది మొటిమలకీ పనికొస్తుంది, మచ్చలకీ పనికొస్తుంది, ఎండకి ఇబ్బంది పెట్టదు. రాసిన మొదట్లో కాస్త చీమలు పాకినట్టు అనిపించేది, తర్వాత అలవాటైంది. డాక్సీసైక్లిన్ మళ్లీ వేసుకోలేదు. నుదురు ముందు తేలింది, బుగ్గలు తర్వాత, ముక్కు అన్నిటికంటే ఆఖరున.

రెండు వేళ్ల లెక్కన రాస్తే 50 గ్రాముల ట్యూబ్ నెలన్నర కూడా రావట్లేదు. ఇప్పుడు మా ఇంట్లో మామయ్య గారు కూడా పొలానికి పోయే ముందు రాసుకుంటున్నారు, చెవులకి మా వారు. కిరాణా చీటీలో బియ్యం, నూనె కింద సన్‌స్క్రీన్ అని రాసి ఉంటే, మా వారు ప్రతిసారీ ఆ గీత దగ్గర ఆగి, "ఇంకోటి అప్పుడే అయిపోయిందా?" అని అడుగుతారు.